దండనము – జాతి – స్త్రీ : కాలీ నికోల్ గ్రాస్ చరిత్ర పరిశోధన

శాసనములు చదువుట కలవాటుపడిన మనకు ఒక సంగతి అనుభవమున నున్నది. శిలపై పేరు నిలుపుకొన్నవారు దానము చేసినవారు, దానము పొందినవారు, దానికి సాక్షులై నిలిచినవారు. ధర్మమును చెఱచినవానికి కలుగు పాపము శాసనాంతమున శ్లోకరూపమున నుండును గాని, చెఱచినవాడెవడో, వానికి జరిగిన శిక్ష యేమో సాధారణముగా నుండదు. ఆధునిక రాజ్యమున ఈ క్రమము తలక్రిందులైనది. పందొమ్మిదవ శతాబ్దమునుండి బీదవాని పేరు, వయస్సు, పొడవు, మేనిచాయ, ఒంటిమీది మచ్చలు, చదువు వచ్చునా రాదా యను విషయము – వీని నన్నిటిని శ్రద్ధతో వ్రాసియుంచినది కారాగారపు చిట్టా. దానము చేయుటకు భూమి లేనివాడు, దస్తావేజు వ్రాయించుకొననివాడు, ఉత్తరము వ్రాయనేరనివాడు పెక్కుసార్లు చరిత్రలో అడుగుపెట్టునది ఆ ద్వారముననే.

అయితే ఆ చిట్టా వ్రాసినవాడు ఖైదీకి బంధువు కాడు, పక్షపాతరహితుడైన సాక్షియు కాడు. వాడు సంకెల వేసినవాని కొలువులోని లేఖకుడు. అట్టివాడు వ్రాసిన మాటలనుండి సంకెల వేయించుకొన్న మనిషి జీవితమును తెలిసికొనుట సాధ్యమా? సాధ్యమైనచో ఎంతమేరకు? ఈ ప్రశ్నను తన జీవితకాల పరిశోధనకు ఆధారముగా గొన్న అమెరికా చరిత్రకారిణి కాలీ నికోల్ గ్రాస్. ఆమె అధ్యయనమంతయు ఒక చిన్న పరిధిలో ఆరంభమైనది: 1880 నుండి 1910 వరకు ఫిలడెల్ఫియా నగరమున నేరము మోపబడిన నల్లజాతి స్త్రీలు. ఆ చిన్న పరిధినుండియే ఆమె పెద్ద ప్రశ్నలకు చేరుకొన్నది. ఆమె కృషిని, దాని చుట్టును పెరిగిన శాఖను పరిచయము చేయుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ముందుగా మాటల సంగతి కొంత చెప్పవలసియున్నది. మన భాషాశాఖలో ‘లింగము’ అనగానే వ్యాకరణము తలపునకు వచ్చును. చిన్నయసూరి మహదమహద్విభాగమున స్త్రీవాచకము ఏకవచనమున అమహత్తువలె నుండి, బహువచనమున మహత్తులలో చేరును. ఒంటరియైన స్త్రీకి ‘వచ్చినది’, నలుగురు కలిసినచో ‘వచ్చినారు’. చరిత్రకారులు ‘జెండర్’ అని వాడు మాటకు అర్థమిది కాదు. సంఘము ‘స్త్రీ యనగా ఇట్లుండవలెను, పురుషుడనగా అట్లుండవలెను’ అని ఏర్పఱచిన కట్టుబాటు దాని కర్థము. ‘రేస్’ అను మాటకు మనము ‘జాతి’ యని వాడుకొనుచున్నాము. మన వాడుకలో జాతి కులమునకును చెల్లును, దేశమునకును చెల్లును. అమెరికాలో దాని కానవాలు మేనిచాయ, అంతకంటె ముఖ్యముగా వంశము. ఇక ‘శిక్ష’ యను మాట విచిత్రమైనది. వేదాంగములలో మొదటిది శిక్ష. విద్య నేర్పుట శిక్షణము. తప్పునకు వేయు దండనము శిక్ష. నేర్పుటకును దండించుటకును ఒకేమాట చాలునని మన పూర్వులు తలచినట్లున్నది. ఫిలడెల్ఫియాలో కారాగారము కట్టినవారును అట్లే తలచిరి. పశ్చాత్తాపమును సూచించు మాటతోనే దానికి పేరు పెట్టిరి.

గ్రాస్ కార్నెల్ విశ్వవిద్యాలయమున పట్టభద్రురాలై, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునుండి చరిత్రలో డాక్టరేటు పొందెను. తరువాత డ్రెక్సెల్, టెక్సస్, వెస్లియన్, రట్గర్స్, ఎమరీ విశ్వవిద్యాలయములలో బోధించెను. ఆమె మొదటి గ్రంథము ‘కలర్డ్ ఆమెజాన్స్’ 2006లో వెలువడి, నల్లజాతి స్త్రీల చరిత్రకారుల సంఘము ఇచ్చు లెటీషియా వుడ్స్ బ్రౌన్ పురస్కారమును పొందినది. రెండవది ‘హానా మేరీ టాబ్స్’ కథ, 2016. దానికి 2017లో హర్‌స్టన్–రైట్ పురస్కారము లభించినది. 2020లో డైనా రామీ బెరీతో కలిసి అమెరికా నల్లజాతి స్త్రీల సమగ్ర చరిత్రను, 2024లో ‘వెంజెన్స్ ఫెమినిజమ్’ అను గ్రంథమును ప్రకటించెను. కొలువుల పట్టిక ఇంతటితో చాలును. చూడవలసినది గ్రంథములలోని పని.

ఫిలడెల్ఫియా అను పేరునకు సోదరప్రేమ నగరమని అర్థము. క్వేకరు మతస్థుడైన విలియమ్ పెన్ 1682లో స్థాపించినది. దాస్యనిర్మూలనమునకు శాసనము చేసిన ప్రాంతములలో పెన్సిల్వేనియా తొలివరుసలోనిది. కాని 1780 నాటి ఆ శాసనము అప్పటికి దాసులైనవారిని విడిపింపలేదు. అటుపై దాసికి పుట్టిన బిడ్డలు ఇరువదియెనిమిదేండ్లవఱకు ఊడిగము చేసి విడుదల పొందవలెనని చెప్పినది. అదే శాసనము ఇంకొక పని చేసినది. 1700 నుండి నల్లజాతివారిని విచారించుటకు అక్కడ వేఱు న్యాయస్థానములుండెడివి. వానిని రద్దు చేసినది. అనగా న్యాయస్థానము ఒకటైనది. న్యాయము ఒకటైనదా యనునదే గ్రాస్ అడుగు ప్రశ్న.

ఆ నగరమున 1787లో బందీల కష్టములను తగ్గించుటకు ఒక సంఘము పుట్టినది. కొరడాదెబ్బలు, బహిరంగమున అవమానించుట మాన్పి, నేరస్థుని ఒంటరిగా నుంచినచో వాడు తన అంతరాత్మతో మాటాడుకొని మాఱునని వారి విశ్వాసము. దాని ఫలముగా 1829లో ఈస్టర్న్ స్టేట్ కారాగారము తెఱవబడినది. మధ్యనొక గోపురము, దానినుండి బండిచక్రపు ఆకులవలె వెడలిన వసారాలు, ఒక్కొక్క ఖైదీకి ఒక్కొక్క గది, గదికి పైకప్పున చిన్న కిటికీ. గదినుండి వెలికి తెచ్చునపుడు ముఖమునకు ముసుగు వేసెడివారు. 1842లో దానిని చూచిన ఆంగ్ల నవలాకారుడు డికెన్సు ఈ ఏకాంతము శరీరహింసకంటె క్రూరమని తీవ్రముగా విమర్శించెను. ఆ కారాగారమున అడుగుపెట్టిన మొదటి ఖైదీ ఛార్లెస్ విలియమ్స్ అను నల్లజాతి యువకుడు. దొంగతనమునకు రెండేండ్ల శిక్ష. ఉదారులు మంచి ఉద్దేశముతో కట్టిన కట్టడమున మొదటి సంఖ్య ఎవనికి పడినదో చెప్పుటకు వ్యాఖ్య అక్కఱలేదు. ఆ ఏకాంతపద్ధతి 1913లో అధికారికముగా వదలివేయబడినది. 1971 నాటికి కారాగారమే మూతపడి, నేడు సందర్శకులు చూచు పురాతన కట్టడమైయున్నది.

అంతర్యుద్ధము ముగిసి 1865లో దాస్యము రద్దయిన పిమ్మట దక్షిణాదినుండి నల్లజాతివారు ఉత్తరపు నగరములకు వచ్చుచుండిరి. 1890లో ఫిలడెల్ఫియా జనసంఖ్య పదిలక్షలకు పైబడియుండగా వారిలో నల్లజాతివారు సుమారు 40,000. వారిలోని స్త్రీలకు దొరకిన పని ఒక్కటే యనవచ్చును: తెల్లవారి యిండ్లలో వంట, బట్టలుతుకుట, పిల్లల పెంపకము. కర్మాగారములు, అంగళ్లు వారిని చేర్చుకొనవు. 1899లో డబ్ల్యూ. ఇ. బి. డుబాయిస్ ప్రకటించిన ‘ఫిలడెల్ఫియా నీగ్రో’ అను ప్రసిద్ధ పరిశీలనమునకు ఇసబెల్ ఈటన్ వ్రాసిన అనుబంధము ఇంటిపని చేయువారి సంగతియే. డుబాయిస్ నేరమునుగూర్చియు ఒక అధ్యాయము వ్రాసి, దారిద్ర్యమును వివక్షను దానికి కారణములుగా చూపెను. కాని ఆయన దృష్టిలో నేరము చేసిన స్త్రీ ప్రధానముగా ఒక సంఖ్య, లేదా చక్కదిద్దవలసిన లోపము. గ్రాస్ ఆ సంఖ్యను మరల మనిషిగా చూడబూనెను.

‘కలర్డ్ ఆమెజాన్స్’ అను పేరే ఆమె మొదటి ఆధారము. ఆనాటి పత్రికలు నేరము మోపబడిన నల్లజాతి స్త్రీలను యవన పురాణములలోని యుద్ధస్త్రీలతో పోల్చి హేళన చేసెడివి. తెల్లజాతి స్త్రీ నేరము చేసినచో ‘పతితురాలు’. ఆమె యొకప్పుడు ఉన్నతస్థానమున నుండి జాఱినదని భావము, కావున లేవనెత్తవచ్చును. నల్లజాతి స్త్రీ నేరము చేసినచో అది ఆమె స్వభావము. ఆమె జాఱుటకు ముందు నిలిచిన స్థలమే లేదు. ఈ భేదము కేవలము పత్రికల భాష కాదు. తీర్పులయందును, సంస్కరణాలయములయందును పనిచేసినదని గ్రాస్ చూపెను. స్త్రీలను చక్కదిద్దుటకై ఉదారులు స్థాపించిన ఆశ్రమములు ఎక్కువగా తెల్లజాతివారికి. నల్లజాతి స్త్రీకి మిగిలినది కారాగారము. జనసంఖ్యలో వారి పాలు ఎంత స్వల్పమో, చెఱసాలలోని స్త్రీలలో వారి పాలు అంత అధికము.

ఆమె పరిశోధనకు ఆధారములు న్యాయస్థానపు పట్టికలు, కారాగారపు చిట్టాలు, విచారణల వ్రాతప్రతులు, పత్రికావార్తలు. ఒక్కొక్కటియు లోపభూయిష్ఠమైనదే. పత్రిక అతిశయోక్తి చెప్పును, చిట్టా అతిసంక్షిప్తము, విచారణలో ముద్దాయి చెప్పిన మాట తనను రక్షించుకొనుటకు చెప్పినది. అయినను మూడిటిని ఒకదానిప్రక్క నొకటి పెట్టినప్పుడు వానిమధ్య పొసగని చోట్లు కనబడును. ఆ పొసగని చోట్లనే ఆమె త్రవ్వెను. పాఠపరిష్కరణము చేయువారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. తాళపత్రప్రతులలో లేఖకుని తప్పులను పోల్చి మూలపాఠమును సమీపించుట మనము చేయుచున్న పనియే. ఇక్కడ మూలపాఠము ఒక జీవితము.

ఆమె కనుగొన్నవానిలో ఇంటి దొంగతనములు ముఖ్యమైనవి. పనిమనిషి యజమానురాలి గౌను, వెండిచెంచా, కొంత పైకము తీసికొనిపోయినదను అభియోగములు మిక్కిలి. జీతము స్వల్పమై, పని వేళలకు హద్దు లేనిచోట ఈ దొంగతనము ఆకలివలన కొంత, బాకీపడిన కూలిని తానే తీసికొనుట కొంత, చక్కని బట్ట కట్టుకొనవలెనను కోరిక కొంత. మూడవ కారణమును పేర్కొనుటకు చాలమంది చరిత్రకారులు వెనుకాడుదురు. బీదవారు ఆకలికొఱకే దొంగిలవలెనని మన దయకొక నియమమున్నది. గ్రాస్ వెనుకాడలేదు. ఇంకొకటి, వీధిలో మగవానిని పిలిచి ఒక ఇంటికి కొనిపోయి, వాడు ఏమఱియుండగా తోడుదొంగ చాటునుండి వచ్చి జేబులు ఖాళీచేయు పద్ధతి. ఇట్లు మోసపోయినవారు తఱచుగా తెల్లజాతి పురుషులు; పరువుకు వెఱచి పెక్కుమంది ఫిర్యాదు చేయరు. నల్లజాతి స్త్రీ శరీరము సులభముగా దొరకునదని వారు నమ్మిన నమ్మకమే వారి చేటునకు మూలమైనది. ఈ స్త్రీలను గ్రాస్ వీరవనితలుగా చిత్రింపలేదు, మోసము మోసమే. ఆ మోసము ఏ నమ్మకముమీద నడచినదో చూపుట ఆమె పని.

రెండవ గ్రంథము ఒకే కేసును పట్టుకొని వ్రాసినది. 1976లో ఇటలీకి చెందిన కార్లో గింజ్‌బర్గ్ ఒక మిల్లరుమీద జరిగిన మతవిచారణనుండి, 1983లో నటాలీ జెమన్ డేవిస్ మార్టిన్ గేర్ అను ఫ్రెంచి రైతు కథనుండి చూపిన సూక్ష్మచరిత్ర మార్గమిది. 1887 ఫిబ్రవరి 17న ఫిలడెల్ఫియా సమీపమున ఎడింగ్‌టన్ అను గ్రామము చెంత ఒక చెఱువుదగ్గఱ తలయు, కాలుసేతులును లేని మొండెమొకటి కనబడినది. ఎవనిదో తెలియదు. అంతకంటె ముందుగా అధికారులను కలవరపెట్టిన ప్రశ్న యొకటి యున్నది: ఇది ఏ జాతివాని మొండెము? చర్మపు రంగును చూచి వైద్యులు, పోలీసులు తలకొకమాట చెప్పిరి. జాతి ప్రకృతిసిద్ధమని, కంటికి స్పష్టముగా కనబడునని నమ్మి దానిమీద చట్టములను, బడులను, వీధులను విభజించుకొన్న సంఘమునకు, తల లేని ఒక శరీరము ఎదుట ఆ నమ్మకము నిలువలేదు. ఈ ఘట్టము ఈ గ్రంథమునకెల్ల ప్రాణమని ఈ వ్యాసకర్త తలంపు.

పరిశోధకులు చివఱకు మృతుడు వేక్‌ఫీల్డ్ గెయిన్స్ అను నల్లజాతి యువకుడని తేల్చిరి. అతనితో సంబంధమున్న హానా మేరీ టాబ్స్ అను వివాహితను, జార్జి విల్సన్ అను పదునెనిమిదేండ్ల వానిని పట్టుకొనిరి. టాబ్స్ మేరీలాండునుండి వచ్చినది. ఇంటిపనులు చేసికొని బ్రతుకునది. విల్సన్ మిశ్రజాతివాడు, తెల్లవాడని భ్రమించునంత పచ్చని మేను గలవాడు. విల్సన్ చంపెననియు, తాను శవమును మాయముచేయుటలో మాత్రమే తోడ్పడితిననియు టాబ్స్ చెప్పినది. మొండెమును ఆమెయే రైలులో కొనిపోయి నగరమునకు వెలుపల పాఱవేసినది. చివఱకు విల్సన్‌కు పండ్రెండేండ్లు, టాబ్స్‌కు రెండేండ్లు శిక్ష పడినది. ఇరువురును ఈస్టర్న్ స్టేట్ కారాగారమునకే పోయిరి.

ఈ తీర్పు నల్లజాతి స్త్రీలపట్ల కఠినమైన ఆనాటి క్రమమునకు విరుద్ధముగా నున్నది కదా యని పాఠకుడు ప్రశ్నింపవచ్చును. గ్రాస్ సమాధానము సూక్ష్మమైనది. టాబ్స్‌కు రెండు ముఖములుండెడివి. తన పేటలో ఆమె నోటికిని చేతికిని వెఱవనివారు లేరు. బెదిరింపు, కొట్టుట ఆమెకు వాడుక. తెల్లవారి యిండ్లలోనో, ఆమె వినయవతి, నమ్మదగిన పనికత్తె. పోలీసులయెదుటను, న్యాయస్థానమునను ఆమె రెండవ ముఖమునే చూపగలిగినది. పైగా పేటలో ఆమె చేసిన హింసకు గుఱియైనవారు నల్లజాతివారు. వారి గాయములను చట్టము లెక్కపెట్టలేదు కావున అవి ఆమెకు వ్యతిరేకముగా లెక్కకు రాలేదు. ఇంకొకప్రక్క తెల్లవానివలె కనబడు విల్సన్ ఆనాటి సంఘమునకు ఎక్కువ భయంకరుడు. రంగులమధ్య గీచిన గీతను కనబడకుండ దాటగలవాడు వాడే. 1896లో ప్లెసీ కేసున అమెరికా ఉన్నతన్యాయస్థానము వేర్పాటు న్యాయమేయని తీర్పుచెప్పెను. ఆ కేసులో వాదియైన హోమర్ ప్లెసీయు తెల్లవానివలె కనబడువాడే యనునది ఇచట స్మరింపదగినది.

గ్రాస్ టాబ్స్‌ను నిర్దోషిగా చూపలేదు. అట్లు చూపుట సులభమై యుండెడిది. పీడితజాతి చరిత్ర వ్రాయువారికి ఎప్పుడును ఒక ఒత్తిడి యుండును: మనవారిని మంచివారినిగా చూపవలెను, లేనిచో పీడించినవారి మాట నిజము చేసినట్లగును. నల్లజాతి విద్యావంతులు తరతరములుగా పాటించిన ఈ గౌరవరక్షణకు చారిత్రక కారణమున్నది, దానిని నిందింపరాదు. అయితే దానికి మూల్యము చెల్లించినవారు టాబ్స్ వంటివారు, ఆమె దెబ్బలు తిన్నవారు. అందఱును కప్పిపుచ్చిన కథలో ఆమె బాధితులును కప్పబడిపోయిరి.

ఈ విచారణనుండి పుట్టిన సిద్ధాంతమును గ్రాస్ 2015లో అమెరికా చరిత్ర పత్రికలో ఒక వ్యాసముగా ప్రకటించెను. రక్షణము అందఱికిని పంచబడలేదు, కొందఱిని తొలగించి పంచబడినది అని దాని సారము. చట్టము స్త్రీని రక్షింపవలెనను ఆదర్శమున నల్లజాతి స్త్రీకి స్థానము లేదు. ఆమెమీద జరిగిన అత్యాచారము దాస్యకాలమున నేరమే కాదు. ఎవ్వరును రక్షింపనందున ఆమె తన్ను తాను రక్షించుకొన్నచో అది నేరము. రక్షణమునకు బయట నుంచినవారే శిక్షకు అందఱికంటె ముందుగా లోపలికి తేబడిరి. దీనికి దృష్టాంతముగా మిజూరీ రాష్ట్రమున జరిగిన సీలియా కేసును చూపవచ్చును. పదునాలుగేండ్ల ప్రాయమున ఆమెను కొన్న యజమానుడు ఐదేండ్లపాటు ఆమెను చెఱిచెను. 1855 జూన్ మాసమున ఆమె అతనిని చంపినది. మానరక్షణకై ప్రతిఘటించు ‘ఏ స్త్రీకైనను’ వర్తించు చట్టము ఆ రాష్ట్రమున నుండెను. ఆమె పక్షమున న్యాయవాదులు దానిని ఎత్తిచూపిరి. దాసి ఆ మాటలలో చేరదని న్యాయాధిపతి నిశ్చయించెను. ఆ సంవత్సరము డిసెంబరు 21న ఆమెను ఉరిదీసిరి. వ్యాకరణదృష్టితో చూచినను ఇది విడ్డూరమే: ‘ఏ స్త్రీయైనను’ అను సర్వార్థక పదమునుండి ఒక స్త్రీని మినహాయించుటకు ఏ సూత్రము గలదు?

గ్రాస్ పరిశోధన ఉత్తరాదిది. దక్షిణాది కథను ఇతరులు వ్రాసిరి. 1865 నాటి పదుమూడవ రాజ్యాంగసవరణము దాస్యమును రద్దుచేయుచు, నేరమునకు శిక్షగా తప్ప అని ఒక మినహాయింపు నుంచినది. ఆ చిన్న వాక్యాంశముననుసరించి దక్షిణ రాష్ట్రములు ఖైదీలను గుత్తదారులకు అద్దెకిచ్చినవి. జార్జియాలో ఈ పద్ధతి 1868లో మొదలై 1908 వరకు సాగినది. టలీథా లఫ్లోరియా 2015లోను, సారా హేలీ 2016లోను ప్రకటించిన గ్రంథములు ఆ గుత్తపనిలో నలిగిన స్త్రీలనుగూర్చినవి. ఇటుకబట్టీలలో, రైలుదారులు వేయుచోట, పొలములలో పురుషులతో సమముగా వారిచే పని చేయించిరి. తెల్లజాతి స్త్రీని సంకెలల ముఠాతో బయట పనికి పంపుట దాదాపు లేదు. ఈ భేదమువలననే ‘స్త్రీ’ అను మాటకు తెల్లజాతి స్త్రీ యని అర్థము స్థిరపడినదని హేలీ వాదము: సున్నితత్వము ప్రకృతి ఇచ్చినది కాదు, ఒకరిని బండపనికి పంపి ఇంకొకరిని మినహాయించుటచే తయారైనది. ఈ వాదము గ్రాస్ వాదముకంటె ఒక అడుగు ముందునకు పోయినదని అంగీకరింపవలెను.

2020 నాటి సమగ్రచరిత్రనుగూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. సామాన్యపాఠకులకొఱకు వ్రాసినది, విస్తృతి యున్నది గాని, టాబ్స్ గ్రంథములోని లోతు అట్టి పుస్తకమున ఆశింపరాదు. 2024 గ్రంథము వివాదాస్పదమగుటకు తగినది. చట్టము తమకు ఏనాడును అండగా నిలువదని తెలిసి, తమ పగను తామే తీర్చుకొన్న నల్లజాతి స్త్రీల కథలను కూర్చి, ఆ క్రోధమునందు ఒకవిధమైన స్త్రీవాదమున్నదని గ్రాస్ ప్రతిపాదించెను. ఇక్కడ ఈ వ్యాసకర్తకు సందేహము. కోపమునకు కారణము న్యాయమైనదగుట వేఱు, కోపము ఒక సిద్ధాంతమగుట వేఱు. వాదమనదగినది కొంతవఱకు ఇతరులతో పంచుకొన్న ఎఱుకగా నుండవలెను. ఒంటరిగా పగదీర్చుకొన్నవారి మనస్సులో అది యుండెనని చిట్టాలు చెప్పవు. టాబ్స్ విషయమున ఆమె పాటించిన నిగ్రహము ఇచ్చట కొంత సడలినది. అయినను, కోపము తెచ్చుకొను హక్కుకూడ ఎవరికి ఎంత అని సంఘము పంచిపెట్టినదను ఆమె ఎత్తిచూపు నిజము కాదనరానిది.

ఇంకొక ప్రశ్న ఈ శాఖనంతటిని వెంటాడుచున్నది. ఆధారము లేనిచోట చరిత్రకారుడు ఊహింపవచ్చునా? 2019లో సైదియా హార్ట్‌మన్ ఫిలడెల్ఫియా, న్యూయార్కు నగరములలోని నల్లజాతి యువతులనుగూర్చి వ్రాసిన గ్రంథమున, అధికారపత్రముల మౌనమును కల్పనతో నింపుటయే న్యాయమని తలచెను. గ్రాస్ అంతదూరము పోదు. ‘ఇట్లు జరిగియుండవచ్చును’ అని ఆమెయు వ్రాయును. కాని ఆ మాటను వాడినపుడు వాడితినని కనబడునట్లు వాడును. మూలము ఖిలమైనచోట పూరణము చేయు పరిష్కర్త దానిని గుఱుతులలో నుంచుట ఎంత అవసరమో, ఇదియు అంత అవసరము. హార్ట్‌మన్ గద్యము సుందరమైనది. పరిశోధకునకు గ్రాస్ మార్గము క్షేమకరము.

ఈ చరిత్ర మనకు దూరమైనదని తోచవచ్చును. కాని పుట్టుకచేతనే నేరస్థులని ఒక సముదాయమును చిట్టాకెక్కించిన చట్టము మన నేలపైనను అమలైనది. 1871 నాటి నేరస్థ తెగల చట్టము 1911లో మద్రాసు రాజధానికి విస్తరింపబడినది. 1913లో బాపట్ల సమీపమున సాల్వేషన్ ఆర్మీవారి ఆధ్వర్యమున ఎఱుకలవారికై స్టూవర్టుపురము ఏర్పడినది. చట్టము 1952లో గాని రద్దుకాలేదు. మీనా రాధాకృష్ణ 2001లో ప్రకటించిన గ్రంథము ఈ చరిత్రకు ముఖ్యమైనది. ఉప్పు, ధాన్యము గాడిదలమీద, ఎద్దులమీద మోసికొనిపోయి అమ్ముకొని బ్రతికినవారికి రైలు వచ్చుటవలనను, ఉప్పుపై ప్రభుత్వపు పట్టువలనను జీవనోపాధి పోయిన విధమును, పిమ్మట వారి సంచారమే నేరలక్షణముగా వ్రాయబడిన విధమును ఆమె నిరూపించెను. అమెరికాలో మేనిచాయ చేసిన పనిని ఇక్కడ జన్మ చేసినది. రెండును ఒకటి కావు. కులమునకును రేస్‌కును గల భేదమును చెఱిపివేయుట శాస్త్రము కాదు. చిట్టాలు మాత్రము ఒకే పోలికగలవి: పేరు, పొడవు, మచ్చలు, ‘అలవాట్లు’.

మన భాషాశాఖకు సంబంధించిన చిక్కు ఒకటి అమెరికా పరిశోధకులకు లేనిది. హానా మేరీ టాబ్స్ మాటలను వ్రాసికొన్నవాడు వానిని ఎంత మార్చినను, ఆమె మాటాడిన భాషలోనే వ్రాసికొనెను. మద్రాసు రాజధానిలో ముద్దాయి తెలుగున చెప్పిన వాఙ్మూలము పై న్యాయస్థానమునకు పోవునప్పటికి ఆంగ్లమైపోవును. ఎఱుకల స్త్రీ చెప్పినదైనచో దానికి వెనుక ఇంకొక పొరయు నుండవచ్చును: ఎఱుకల భాషలో తలచి, తెలుగులో పలికి, గుమాస్తా వ్రాతలో శిష్టమై, దుబాసీ చేతిలో ఆంగ్లమైన మాట. ‘ఆమె నేరము నొప్పుకొనినది’ అని ఆంగ్లమున నున్నచోట ఆమె పలికినది ‘అవును’ అనియా, ‘సరే’ అనియా, ‘మీ చిత్తము’ అనియా? మూడిటికిని అర్థము వేఱు. ఆంగ్లప్రతియొద్దనే ఆగిపోయిన పరిశోధకునకు ఈ మూడును ఒక్కటిగానే కనబడును. క్రింది న్యాయస్థానపు తెలుగు కాగితము ఎక్కడనైనను మిగిలియున్నచో, ముందు చదువవలసినది అది.